మూడో మెట్టు

హార్మోనియం పెట్టెలు బాగుచేసే కొట్టు. సంగీతం టీచరు ఉద్యోగ పరీక్షకు వెళ్లిన కూతురు అప్పుడే తిరిగొచ్చింది. తండ్రి బల్ల మీంచి తల ఎత్తలేదు.

"సున్నా నాన్నా! నేను చెప్పింది తప్పేనట!"

"ముందు మంచినీళ్లు తాగు."

"నాకేం వద్దు. నేను తప్పు వినలేదు. తెర వెనక గుమస్తా వాళ్ల హార్మోనియం మెట్లు నొక్కాడు. నిండు అడుగు, అర అడుగు, మళ్లీ నిండు... వేళ్ల మీద లెక్కపెట్టుకునే మైనరు స్కేలన్నాను. వాళ్ల జవాబు కాగితంలో మేజరని ఉందట!"

"మేజరంటేనమ్మా..."

"నిండు, నిండు, అర! ఏడేళ్లప్పుడే నేర్పావు, మళ్లీ మొదలెట్టకు."

"కంగారులో చెవి పొరబడుతుంది."

"నా చెవి ఊసు నువ్వెత్తకు!"

"అరవకు. పక్క కొట్టువాళ్లు వింటారు."

"విననీ! అందరి పెట్టెలూ బాగుచేస్తావు, మనింటి పెట్టె మాత్రం నీకు కనపడదు. మూడో మెట్టు పలికించే రీడు విరిగితే చేతికందిందేదో పడేశావు. అది అర అడుగు కింద పలుకుతోంది, మేజరు వాయిస్తే మైనరే వస్తుంది. మారుస్తా మారుస్తా అంటూ తొమ్మిదేళ్లు! దాని మీదే పాడి పాడి నాకు మైనరే మేజరులా వినపడేది."

"తెలుసు."

"తెలుసా? తెలిసీ నోరు మెదపలేదా?"

"పోయిన నెల నువ్వు పాడుతుంటే పట్టుకున్నా. అప్పటికి పరీక్ష దగ్గరకొచ్చేసింది."

"ఆ పెట్టెతో పాడితే ఆ పెట్టెలాగే పాడతాను మరి! నీకంటే ముందే పట్టుకున్నా నేను. ఆర్నెల్లు స్నేహితురాలింటికెళ్లి చెవి దిద్దుకున్నా. ఇప్పుడు నిద్దట్లో అడిగినా తప్పను."

"దిద్దుకున్నావా?"

"ఆ."

"పూర్తిగానా?"

"పూర్తిగానే! ఏం, నమ్మకం లేదా?"

"నాకొక్క ముక్క చెప్పలేదేం?"

"చిన్నబుచ్చుకుంటావని! ఇప్పుడదా గొడవ? నేనొక్కదాన్నే కాదు, వచ్చిన పదకొండు మందీ మైనరనే అన్నారు. పదకొండు మందికీ చెవులు లేవా? ఆ పరీక్ష పెట్టెలోనే ఏదో ఉంది. లే, పద. విప్పి వాళ్ల మొహాన చూపిద్దువుగాని."

"విప్పక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు? ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోమంటావా?"

"పోయిన వారం ఆ పెట్టె బాగుకని నా దగ్గరికే వచ్చింది. నీకు మేజరులా వినపడాలని, మూడో మెట్టు నేనే దించాను."