కింది మిషన్

మెట్ల కింద ఉన్న చిన్న గూడు లాంటి అర, దాని తలుపు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు ఆ ఇంటి ఇల్లాలు. ఇంకొకరు సర్వీసుకి వచ్చిన ఏసీ మెకానిక్.

"అది వద్దన్నానుగా. పైది అయిపోయింది, చాలు."

"పైది అయింది మేడమ్. కిందిది మిగిలింది. ఈ ఇంటికి సెంట్రల్ ఏసీ మిషన్లు రెండు. సర్వీసు కార్డు మీద కూడా రెండనే ఉంది."

"ఉంటే ఉండనివ్వండి. ఇదివరకు వచ్చినవాళ్లు పైది చూసి వెళ్లిపోయేవారు. మీరొక్కరే పట్టుకు కూర్చున్నారు."

"వాళ్లెందుకు వెళ్లిపోయారో నాకు తెలీదు. నేను ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. కిందిది తెరిచి ఎన్నాళ్లయింది?"

"తెలీదు."

"ఏడాది?"

"తెలీదంటున్నా. ఇల్లు కట్టినప్పుడు పెట్టారు. పైన మేం నలుగురం పడుకుంటాం. పిల్లలకి దుమ్ము పడదు. అందుకని పైది చూపిస్తాం. కింద ఉండేది ఒక్క మనిషి. ఒక్క మనిషికి సర్వీసేంటి?"

"మిషన్‌కి మనుషుల్ని లెక్కపెట్టడం రాదు మేడమ్. గదిలో ఒక్కరున్నా పదిమందున్నా గాలి పీలుస్తుంది, నీళ్లు కారుస్తుంది. పైగా రెండిట్లో ఒకటే బాగుచేస్తే అదీ తొందరగా పాడవుతుంది. మధ్యలో మెట్లున్నాయిగా. కిందిది చల్లబరచలేని వేడంతా పైకెక్కి పైదాని ప్రాణం తీస్తుంది. ఈ అట్టపెట్టెలు పక్కకి జరపనా?"

"వద్దు."

"పోనీ ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. గుమ్మంలోకి రాగానే కంపు కొట్టింది. పైన లేదు. ఇక్కడికొస్తే గొంతులోకి దిగుతోంది. దేనిదది?"

"దేనిదీ కాదు. ఎవరిది అని అడగండి."

"అంటే?"

"గట్టిగా మాట్లాడకండి. ఆ గదిలోనే ఉన్నారు. మా వదిన. మా ఆయనకి సొంత అక్క."

"ఇందాక నాకు మంచినీళ్లిచ్చిన పెద్దమ్మగారా?"

"తాగారా?"

"తాగాను."

"సరే."

"సరే అంటే ఏమిటి మేడమ్?"

"ఏం లేదు. ఆవిడ ముప్పై ఏళ్లు చేపల షెడ్డులో పనిచేశారు. తలలు తీయడం, పొట్టలు చీల్చడం, ఐసు పెట్టెల్లో సర్దడం. మానేసి ఆరేళ్లయింది. అయినా ఆ వాసన పోలేదు. ఒంట్లోంచి ఎముకల్లోకి దిగిపోయింది."

"ఇది చేపల వాసన కాదు."

"మీకేం తెలుసు?"

"నాకు ముక్కుతోనే సగం పని. వైరు కాలితే ఒక రకం, గ్యాసు పోతే ఒక రకం. ఇది చచ్చినదాని వాసన."

"నేనూ అదే అంటాను. బతికున్న మనిషి దగ్గర అలాంటి వాసనేమిటని. నాలుగు నెలలు. సబ్బు మార్చాను. దుప్పట్లు మార్చాను. పరుపు పారేయించాను. రోజుకి మూడుసార్లు స్నానం చేయమన్నాను."

"చేస్తున్నారా?"

"పాపం, చేస్తున్నారు. ఏం లాభం? కంచం, గ్లాసు వేరే పెట్టాను. పిల్లలు దాన్ని చేపల గది అంటారు. అటు పోవాల్సొస్తే ముక్కు మూసుకుని పరిగెత్తుతారు. ఆవిడ చూసి నవ్వుతారు."

"ఆ గది తలుపు కింద ఆ గుడ్డ?"

"వాసన బయటికి రాకుండా."

"ఈ గోడ జాలీకి ప్లాస్టిక్ షీటు అంటించిందెవరు?"

"నేనే. అందులోంచి కూడా వస్తోందేమో అని."

"అయ్యో. అది గాలి వదిలే జాలీ కాదు మేడమ్. మిషన్ గాలి పీల్చుకునే జాలీ. మీరు దాని ముక్కు మూసేశారు. వేరే దారి లేక అర లోపల ఏ గాలి ఉంటే అదే పీల్చుకుని అటు ఊదుతోంది."

"ఎటు?"

"కిందిదాని గొట్టం వెళ్లేది ఒక్క గదికేగా."

"అంటే ఆ గదిలోకి..."

"తెరిస్తే తెలుస్తుంది."

"సరే, తెరవండి. తొందరగా కానివ్వండి. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది."

"స్క్రూలు నాలుగే. ఇదిగో... మీరు కొంచెం వెనక్కి జరగండి."

"అమ్మో. తలుపేసేయండి."

"ఇంకా ఏం తీయలేదు. ఇదీ, ఫిల్టరు."

"ఇదా? నల్ల కంబళి ముక్కలా ఉంది."

"తెల్లగా ఉండాలి. మూడు నెలలకోసారి మార్చాలి. దీన్ని పుట్టినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. దుమ్ము, వెంట్రుకలు, బూజు కలిసి అట్ట కట్టాయి."

"ఆ తెల్లగా కదులుతున్నవేమిటి?"

"పురుగులు."

"ఛీ. ఛీ. బయట పారేయండి దాన్ని. నా కాలి మీద ఏమైనా పడిందా? చూడండి, పడిందా?"

"పడలేదు. ఇంకా ట్రే ఉంది. మిషన్‌కి చెమట పట్టినట్టు నీళ్లు కారతాయి. ఆ నీళ్లు ట్రేలో పడి పైపులోంచి బయటికి పోవాలి. పైపు పూడిపోయింది. నీళ్లు నిలిచి, చూడండి, చీమిడిలాగా..."

"చూడను."

"లైటు కాస్త ఇలా పట్టుకుంటారా?"

"నేనా?"

"నాకున్నవి రెండు చేతులే."

"పట్టుకుంటాను. అటు మాత్రం చూడను."

"చూడకండి. కొంచెం కిందికి. ఆ, అక్కడే."

"... అదేమిటి, తాడులా ఉంది?"

"చూడనన్నారు."

"తోకా?"

"తోకే. లైటు కదుపుతున్నారు, కదపకండి. ఒకటి కాదు ఇక్కడ. ఇది పాతది, ఎండి రేకుకి అతుక్కుపోయింది. ఇది దాని తర్వాత వచ్చింది. ఇదేమో మొన్నమొన్నటిది, నీళ్లలో నాని... పట్టుకుంటే తోలు ఊడి చేతికొస్తోంది."

"అమ్మో, వాంతొచ్చేస్తోంది."

"లైటు ఇక్కడ పెట్టి సింకు దగ్గరికి వెళ్లండి మేడమ్. వెళ్లండి."

"ఆ, వస్తున్నాను."

"కడుక్కున్నారా? కాసేపు కూర్చోండి."

"తీసేశారా?"

"మూడు ఎలుకల్నీ సంచిలో వేశాను. ట్రే తోమాలి, పైపు ఊదాలి, కాయిల్ కడగాలి. రెండు గంటలు పడుతుంది. సాయంత్రానికి ఈ కంపు ఉండదు."

"నాలుగు నెలలుగా ఈ గాలేనా మేం పీల్చింది?"

"మీరు కాదు. మీది పైమిషన్. ఆవిడ పీల్చారు."

"మెల్లగా అనండి."

"ఆవిడ ఒంటి వాసన కాదు మేడమ్ ఇది. ముందు ఆ మాట చెప్పండి ఆవిడకి. రోజుకి మూడు స్నానాలంటే మామూలు సంగతా, ఆ వయసులో. నన్ను చెప్పమంటే నేనే..."

"ఉండండి. ఫోన్. మా ఆయన. మీరు మాట్లాడకండి... హలో. ఆ, వచ్చాడు. పైది అయిపోయింది... కిందిదా? అదీ తెరిచాడు... ఏమీ లేదట. కొంచెం దుమ్ము, అంతే... అవునండీ, బాగానే ఉందన్నాడు. నేను చెప్పలేదూ, మిషన్‌ది కాదని... ఆదివారం పొద్దున్నే. కారు చెప్పేశాను. హాస్టలు వాళ్లతో కూడా మాట్లాడాను... మీరు అలా బాధపడకండి. అక్కడ ఆవిడ ఈడువాళ్లు ఉంటారు, పొద్దుపోతుంది... సరే. ఉంటాను... ఏమిటలా చూస్తున్నారు?"

"ఏమీ లేదట అన్నారు. నేనలా అనలేదు."

"మీరు అనక్కర్లేదు."

"హాస్టలంటే పెద్దమ్మగారికా?"

"అది మా ఇంటి విషయం. చూడండి, మీరు సోమవారం రండి. అప్పుడు తోమండి, కడగండి, పైపు మార్చండి, మిషనే కొత్తది పెట్టమన్నా పెట్టిస్తాను. ఇవాళ్టికి మూత వేసేయండి."

"తెరిచినదాన్ని అలాగే వదిలేసి వెళ్లమంటారా?"

"మూడు రోజులేగా."

"మరి సంచిలోవి ఏం చేయను మేడమ్?"

"ఎక్కడివి అక్కడే పెట్టేయండి."

"ఎలుకల్నా?"

"నా నోటితో ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

"ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పాము కుబుసాలు తీశాను, చచ్చిన పిల్లిని తీశాను. తీసినదాన్ని మళ్లీ లోపల పెట్టమన్న ఇల్లు చూడలేదు."

"నీతులు చెప్పడం తేలికే. ఆయన్ని ఒప్పించడానికి నేనెంత తిప్పలు పడ్డానో మీకేం తెలుసు? అక్కంటే ఆయనకి ప్రాణం. తల్లీతండ్రీ పోతే ఆవిడే పెంచింది, చదివించింది. ఆవిడ గురించి ఒక్క మాట అననిచ్చేవారు కాదు. రెండు నెలలు ససేమిరా అన్నారు. కిందటి నెల ఒకరోజు ఏమనుకున్నారో ఏమో, వచ్చి 'సరే, పంపిద్దాం' అన్నారు. ఈ వాసన ఒక్కటే కారణం. ఇది ఎలుకల వాసనని తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది."

"ఆవిడ మిమ్మల్ని ఏమైనా అన్నారా? ఏమైనా చేశారా?"

"ఏమీ చేయలేదు. అదే నా ఏడుపు. ఏమైనా చేస్తే తిరిగి అనేదాన్ని, తీరిపోయేది. పన్నెండేళ్లయింది నేనీ ఇంటికొచ్చి. నేను వండితే ఆయన రుచి చూసి అక్కవైపు చూస్తారు, బాగుందా అన్నట్టు. పిల్లకి జ్వరమొస్తే డాక్టరుకన్నా ముందు అక్కని పిలుస్తారు. ఆవిడేమో ఎప్పుడూ తలొంచుకుని నవ్వుతూ ఉంటుంది. అలాంటి మనిషిని ఏమని పంపను చెప్పండి?"

"అందుకని కంపు అని చెప్పి పంపిస్తున్నారు."

"నేను కల్పించలేదు. కంపు ఉంది. నిజంగా ఆవిడదే అనుకున్నాను."

"ఇందాకటిదాకా అనుకున్నారు. ఇప్పుడు కాదుగా."

"మూత వేస్తారా, వేయరా?"

"వేయను."

"అయితే ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వండి. నేనే వేసుకుంటాను."

"సంచి కూడా మీరే పట్టుకుంటారా?"

"ఇవ్వండి."

"స్క్రూడ్రైవరు నీకెందుకమ్మా? చెయ్యి కోసుకుంటావు."

"వదినా. మీరెందుకు బయటికొచ్చారు? పడుకోలేదా?"

"ఇక్కడ మాటలు వినపడుతుంటే నిద్రెక్కడిది. కింద గుడ్డ అడ్డం పడి తలుపు రాలేదు. కాలితో తోసి వచ్చాను. ఏం బాబూ, ఆ సంచిలో ఏమున్నాయి?"

"ఎలుకలు పెద్దమ్మగారూ. మూడు. ఈ మిషన్‌లో పడి చచ్చాయి."

"చాలా కంపు కొడుతోందా?"

"మీకు తెలియడం లేదా?"

"నాకు ఏ వాసనా తెలీదు. షెడ్డులో ఒకసారి అమోనియా గొట్టం పగిలింది. పదహారేళ్లయింది. ఆ రోజు పోయిన ముక్కు మళ్లీ రాలేదు. పువ్వయినా పేడయినా నాకు ఒకటే."

"ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదే వదినా."

"నువ్వు అడగలేదు కదమ్మా. కంపు కొడుతున్నావన్నావు. నా ముక్కు పనిచేయదు, నీ ముక్కే నమ్మాలి. స్నానం చేయమన్నావు, చేశాను."

"మీ ఒంట్లో ఏ దోషమూ లేదు పెద్దమ్మగారూ. నాలుగు నెలల కంపూ ఈ అరలోదే. నేను చెప్తున్నాను కదా."

"తెలుసు బాబూ."

"తెలుసా?"

"ముక్కు పోయింది గాని కళ్లున్నాయిగా. కిందటి నెలలో ఈ తలుపు సందులోంచి ఈగలు రావడం మొదలుపెట్టాయి. షెడ్డులో ముప్పై ఏళ్లు చూశాను, ఈగలు దేనికి వస్తాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు."

"మరి నాతో చెప్పొద్దా వదినా? చెబితే అప్పుడే బాగుచేయించేదాన్నిగా."

"నీకు పిల్లలతోనే తీరదని ఈగల సంగతి తమ్ముడికి చెప్పాను."

"ఆయనకా? ఆయనకి తెలీదు. తెలిస్తే ఇందాక ఫోన్ చేసి కింది మిషన్‌లో ఏముందని ఎందుకడుగుతారు?"

"అడిగాడా?"

"అడిగారు. నేనే... ఏమీ లేదని చెప్పాను. తప్పు చేశాను. బుద్ధి గడ్డి తింది. ఉండండి, ఇప్పుడే మళ్లీ చేసి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. వెళ్లడానికి మీరు సర్దుకున్న ఆ బట్టల పెట్టె విప్పేయండి. ఈ ఎలుకల సంగతి తెలిస్తే ఆయన మిమ్మల్ని ఆదివారం గడప దాటనిస్తారా?"

"ఫోన్ చేయకమ్మా."

"ఎందుకు?"

"ఆ పెట్టె నేను సర్దుకుంది నువ్వు హాస్టలు మాట ఎత్తినందుకు కాదు. అంతకు ముందే సర్దాను. నేను ఈగల మాట చెప్పిన సాయంత్రం తమ్ముడు ఈ అట్టపెట్టెలు జరిపి, స్క్రూలు విప్పి ఒక్కొక్కటీ నా అరచేతిలో పెట్టాడు. లోపలికి తలపెట్టి చూశాడు. చేత్తో ముక్కు మూసుకున్నాడు. 'ఏమీ లేదక్కా' అని నా చేతిలోంచి నాలుగు స్క్రూలూ తీసుకుని తనే బిగించాడు."