ఆరు గంటల పది నిమిషాలకు పై ఇంట్లో కనిపించిన మనిషి

నా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు మొదటి కాగితంలో రాసిచ్చాను. వయసు యాభై నాలుగు. ఇళ్లల్లో టీవీలకూ పాటల పెట్టెలకూ నెట్ పెట్టడం నా వృత్తి. ఇరవై ఏళ్లు గోడల వెంబడి తీగలు లాగాను కాబట్టి వీధిలో నన్ను తీగల మేస్త్రి అంటారు. ఇప్పుడు తీగలు లేకుండా పెట్టడమే నా పని. పేరు మాత్రం మారలేదు. మూడేళ్లుగా ఒంటరిగా ఉంటున్నాను. ఈ రోజు, 21వ తేదీ శనివారం, ఉదయం తొమ్మిదీ నలభైకి నా అంతట నేనే పోలీసు స్టేషన్‌కు వచ్చాను. నన్ను ఎవరూ పిలవలేదు, పట్టుకురాలేదు.

నేను కింది వాటాలో ఉంటాను. పై వాటాలో నర్సమ్మ ఉంటారు. ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడా ఒక్కరే. రెండు వాటాలూ ఒకప్పుడు ఒకే ఇల్లు. తర్వాత మధ్యలో మెట్లకు తలుపు పెట్టి రెండు చేశారు. కరెంటు తీగలు మాత్రం విడదీయలేదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

పోయిన నెల 26న నర్సమ్మ నన్ను పిలిచారు. ఆవిడ నెట్ పెట్టె ముందు గదిలో ఉంది. టీవీ వెనక గదిలో ఉంది. మధ్యలో రెండు మందపాటి గోడలున్నాయి, వైఫై అక్కడికి వెళ్లేసరికి నీరసించిపోతోంది. తీగ లాగుతానన్నాను. వద్దన్నారు. తీగ తట్టుకుని పడ్డవాళ్లకు తాను కట్టిన కట్లు ఇన్నీ అన్నీ కావన్నారు. అందుకని కరెంటు తీగల మీదుగానే నెట్ పంపే డబ్బాలు పెట్టాను. వాటిని ప్లగ్గులో గుచ్చితే చాలు. ఒకటి ముందు గదిలో, ఒకటి టీవీ పక్కన పెట్టాను. బొమ్మ వచ్చింది. టీవీకి పేరు పెట్టమంటే ‘వెనక గది’ అని పెట్టమన్నారు.

ఆ డబ్బాలు మూడేసి వస్తాయి. మూడూ కంపెనీలోనే ఒకదానికొకటి కలిపి వస్తాయి. మిగిలినదానికి ఆ రెండింటితో లంకె తెంపి ఆఫీసులో అప్పగించాలి. అది మా పద్ధతి. నేను అప్పగించలేదు. కింది వాటా దాకా అందుతుందేమో చూద్దామని మా ఇంట్లో గుచ్చాను. దీపం వెలిగింది. ఆ వారం మా ఇంటి లైను చచ్చిపోయి ఉంది. బాగయ్యేదాకా అనుకుని నా టీవీనీ ఫోన్‌నీ దానికే కలిపాను. అంటే నర్సమ్మ నెట్ ఆవిడకు చెప్పకుండా వాడుకున్నాను. బాగయ్యాక కూడా తీయలేదు. ఇది నా మొదటి తప్పు.

ఈ నెల 3వ తేదీ సాయంత్రం పనినుంచి వచ్చి, నా ఫోన్‌లో మా ఆవిడ వీడియో ఒకటి టీవీలో పెద్దగా చూద్దామనుకున్నాను. అది యాభై రెండు సెకన్ల వీడియో. నాలుగేళ్ల కిందట వాళ్ల అక్క ఇంటికి వెళ్లినప్పుడు, కొత్త ఫోన్ నేర్చుకుంటూ తీసి పంపింది. మొదట పక్కనున్న ఎవరినో “ఇది పడుతోందా?” అని అడుగుతుంది. తర్వాత ఇటు చూసి చెబుతుంది: “ఏమండీ, తిన్నారా? నా కోసం చూడకండి, నాకు ఆలస్యమవుతుంది. వెనక తలుపు గడియ పడిందో లేదో ఒకసారి చూసుకోండి. వచ్చేస్తాలెండి.” ఆ తర్వాత పదకొండు సెకన్లు ఆపడం తెలియక అలాగే చూస్తూ ఉంటుంది. మరుసటి ఏడాది జబ్బు చేసి పోయింది.

ఫోన్‌లో రెండు టీవీల పేర్లు కనిపించాయి. నా టీవీ కూడా వెనక గదిలోనే ఉంటుంది కాబట్టి, పరధ్యానంలో నాదనుకుని ‘వెనక గది’ నొక్కాను. నా టీవీలో ఏమీ రాలేదు. పైనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

పొరపాటని అప్పుడే తెలిసింది. ఆపొచ్చు. ఆపలేదు. ఎందుకని అధికారి గారు మూడుసార్లు అడిగారు. ఫోన్‌లో వింటే అది ఫోన్‌లోంచి వచ్చినట్టే ఉంటుంది. పైనుంచి వింటే, మనిషి పక్క గదిలో ఉండి ఏదో సర్దుకుంటూ మాట్లాడినట్టుంది. మూడేళ్లలో మా ఇంట్లో నా గొంతు తప్ప ఇంకో గొంతు వినపడలేదు. నాకు చాలా సంతోషం వేసింది. సిగ్గు తర్వాత వేసింది, అది కూడా చాలా ఆలస్యంగా. అప్పుడు టైము ఆరూ పది.

4వ తేదీ అదే టైముకు కావాలని నొక్కాను. 5న నొక్కాను. 6న నొక్కాను. గడియ మాట రాగానే పైన అడుగులు వెనక తలుపు దాకా వెళ్లాయి. గడియ లాగి మళ్లీ వేసిన చప్పుడైంది. ఆవిడ భయపడుతున్నారని నాకు అప్పుడు తట్టలేదు. మా ఆవిడ చెప్పిన పని ఎవరో చేస్తున్నారనే తట్టింది.

7న మధ్యాహ్నం నర్సమ్మ కిందికి వచ్చారు. టీవీలో ఎవరో ఆవిడ వస్తోందనీ, తిన్నారా అని అడుగుతోందనీ, తలుపు చూసుకోమంటోందనీ చెప్పారు. దొంగలు గానీ నెట్‌లో దూరారేమో చూడమన్నారు. నేను పైకి వెళ్లి రిమోట్ తీసుకుని పెద్ద పనిమంతుడిలా అయిదు నిమిషాలు ఏవేవో నొక్కాను. ఏదో ప్రకటన అయ్యుంటుందని చెప్పాను. ఆవిడ నమ్మారు. తాగడానికి మంచినీళ్లిచ్చారు. తాగాను. ఆ సాయంత్రం కూడా నొక్కాను.

14వ తేదీ దాకా రోజూ నొక్కాను. మొత్తం పన్నెండు సార్లు. 14న “తిన్నారా?” అని వినిపించాక, పైనుంచి నర్సమ్మ గొంతు కూడా వినిపించింది. “తిన్నానమ్మా” అన్నారు. మామూలుగా, ఇంట్లో మనిషికి చెప్పినట్టు అన్నారు. ఆ మాటకు జవాబు నేను ఒక్కరోజు కూడా చెప్పలేదు. ప్లగ్గులోంచి డబ్బా పీకేసి బీరువా కింద పెట్టాను. దాంతో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. 18న ఆవిడ మళ్లీ వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, టీవీలో ఆవిడ నాలుగు రోజులుగా రావడం లేదు, ఏ ప్లగ్గయినా వదులైందేమో చూస్తావా అని అడిగారు. ప్రకటన ఆపేసి ఉంటారని చెప్పాను. అయితే అందరి ఇళ్లల్లోనూ ఆగి ఉండాలి కదా అని వెళ్లిపోయారు. వెళ్లి వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి, మీ టీవీలో ఆవిడ వస్తోందా అని అడిగారు.

తమ్ముడుగారు 20న, అంటే నిన్న, వచ్చారు. మెట్ల మీద నాకు ఎదురయ్యారు. ఆయన చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. నర్సమ్మ ఆసుపత్రి అలవాటు కొద్దీ అన్నీ టైము వేసి రాసుకుంటారు. ఆయన తెరిచి చూపించారు. ‘6-10. వచ్చింది. గడియ చూశాను.’ ‘6-10. వచ్చింది. తిన్నానని చెప్పాను.’ 15 నుంచి ప్రతిరోజూ ‘6-10. రాలేదు’ అని ఉంది. తమ్ముడుగారు మంచి మనిషే. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మా అక్క టీవీతో మాట్లాడుతోంది మేస్త్రీ. ఎల్లుండి మా ఇంటికి తీసుకెళ్లిపోతున్నాను. డాక్టరుకు చూపించాలి. ఇక్కడ తాళాలు ఇచ్చేస్తాం” అన్నారు.

పైన బీరువా తలుపులు తీసిన చప్పుడు, బట్టలు సర్దుతున్న చప్పుడు సాయంత్రం దాకా వింటూ కూర్చున్నాను. ముప్పై ఆరేళ్లు ఎందరి మంచాల పక్కనో నిలబడ్డ మనిషిని నా యాభై రెండు సెకన్ల కోసం పిచ్చిదాన్ని చేశాను. అందుకే పొద్దున్నే డబ్బా జేబులో వేసుకుని ఇక్కడికి వచ్చాను. ఆఫీసుకు తెలిస్తే నా గుర్తింపు కార్డు లాగేసుకుంటారని నాకు తెలుసు. నర్సమ్మ మతి బాగానే ఉంది. టీవీలో మనిషి నిజంగానే కనిపించింది. ఆవిడ రాసుకున్న ప్రతి టైమూ నిజం. మీరు రాయవలసింది ఇదే.

అధికారి గారు నా మాట నమ్మలేదు. చేసి చూపించమన్నారు. ఈ సాయంత్రం అయిదూ యాభైకి ఇద్దరం వెళ్లాం. పై ఇంట్లో బ్యాగులు గుమ్మం దగ్గర ఉన్నాయి. అధికారి గారు, నర్సమ్మ, తమ్ముడుగారు వెనక గదిలో ఉన్నారు. నేను కింద డబ్బా గుచ్చి, ఆరూ పదికి నొక్కి, పరుగున మెట్లెక్కాను. నేను వెళ్లేసరికి గడియ మాట అయిపోయింది. మా ఆవిడ ఆ పదకొండు సెకన్లూ మమ్మల్నందరినీ చూసింది. తమ్ముడుగారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

ఆ మనిషి ఎవరని నర్సమ్మ అడిగారు. మా ఆవిడ అని చెప్పాను. ఎక్కడుందని అడిగారు. లేదని చెప్పాను.

“నన్నడిగితే నేనే పెట్టనిచ్చేదాన్ని కదా నాయనా. మంచినీళ్లు తాగి అబద్ధం చెప్పావు” అన్నారు.

నేను క్షమించమని అడిగాను. ఆవిడ బ్యాగు జిప్పు తీసి, బట్టలు బీరువాలో పెట్టడం మొదలుపెట్టారు. తమ్ముడుగారు సాయం పట్టారు. సగంలో నర్సమ్మ ఆపి, ఆయన చేతిలోంచి నోటు పుస్తకం తీసుకుని, గోడ గడియారం చూసి ఈ రోజు తేదీ కింద ‘6-10. వచ్చింది’ అని రాశారు. తర్వాత కొత్తగా వచ్చిన రోగి వివరాలు అడిగినట్టు, తల ఎత్తకుండానే నన్ను “పేరు?” అని అడిగారు.

చెప్పాను. మూడేళ్లలో మా ఆవిడ పేరు పైకి అనడం అదే మొదటిసారి. సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. రాసుకున్నారు.

డబ్బానూ ఫోన్‌నూ అధికారి గారికి అప్పగించాను. దీనిమీద నాకు ఏ శిక్ష వేసినా అభ్యంతరం లేదు. నేను చెప్పినదంతా రాసి, నాకు చదివి వినిపించారు. రెండు చోట్ల టైము తప్పు పడితే దిద్దించాను. మిగిలినది నా నోటి మాటే, జరిగినది జరిగినట్టే. ఎవరి బెదిరింపూ లేకుండా సంతకం చేస్తున్నాను.

21వ తేదీ, రాత్రి ఏడూ నలభై.

(సంతకం)