ఆఖరి పేరు

పోన్సేలో ఒక కాలేజీ గ్రాంటు ఆఫీసు వరండా. బెంచీ మీద యారెలిస్ జయాస్, పక్కన ఆమె తండ్రి ఎలాడియో.

“నువ్వెళ్ళి కాఫీ తాగిరా నాన్నా. ఇక్కడ చాలాసేపు పడుతుంది.”

“తాగే వచ్చాగా. జెడ్ అక్షరంతో జయాస్ అని ఇంటిపేరు పెట్టుకున్నాక ఎక్కడైనా మనల్ని ఆఖర్నేగా పిలిచేది. కూర్చుంటాలే.”

“బయట గాలి బాగుంటుంది...”

“నన్ను తరిమేస్తున్నావేంటే?”

“అబ్బే, నీకు విసుగని.”

“కూతురు నర్సయి, ఇంకా పైచదువుకి గ్రాంటు అడగబోతే విసుగేంటి? పక్కింటి ప్రోవిగారికీ చెప్పా. సాయంత్రం బీపీ చూపించుకోడానికి వస్తుందట.”

“ఎందుకు చెప్పావ్! ఊరంతా డప్పు కొట్టాలా?”

“కొడతా. టోపీ, గౌనుతో నీ ఫోటో హాల్లో ఊరికే పెట్టుకున్నామా?”

“ఆ ఫోటో... ఆ ఫోటో తీసెయ్ నాన్నా.”

“ఎందుకూ?”

“అది అద్దె గౌను.”

“అందరిదీ అద్దె గౌనేగా.”

“అది కాదు. ఇది పైచదువు కాదు నాన్నా. పాత చదువే. మూడో ఏడు మధ్యలో మానేశా. ఆ వృద్ధాశ్రమంలో నేను నర్సుని కాదు, పక్కలు మారుస్తా, అంతే. ఏదో ఒకటి అను. తిట్టు.”

“గ్రాంటు మళ్ళీ ఇస్తారా?”

“అంతేనా అడిగేది?”

“అడిగినదానికి చెప్పు.”

“ఊరికే ఇవ్వరు. ఎవరికీ చెప్పకుండా మానేశాగా, అన్నిట్లో తప్పినట్టే. సరైన కారణం చూపిస్తేనే ఇస్తారు. జబ్బో, ఇంట్లో చావో. ఇవ్వకపోతే ఇక చదువు లేదు.”

“మరి నీ కారణం?”

“అదే... అమ్మ పోయింది కదా.”

“అమ్మ పోయింది ఆ తర్వాతెప్పుడో.”

“తెలుసు! సిగ్గులేకుండా అమ్మ చావు చెప్పుకుందామనుకున్నా. అసలు సంగతి వింటే నవ్వుతావు. ట్రైనింగులో ఉండగా ఆసుపత్రి వార్డులో ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకునే ప్రాణం వదిలాడు. మర్నాడు బస్సెక్కా గానీ కాలేజీ దగ్గర దిగలేకపోయా. ఆ మర్నాడూ అంతే. నర్సుకి చావంటే భయమేంటి, చెప్పు.”

“ఇప్పుడు లేదా భయం?”

“అమ్మ పోయేటప్పుడు చెయ్యి వదల్లేదుగా నేను. కానీ ‘నా నర్సమ్మ’ అంటూ పోయింది నాన్నా. అమ్మని మోసం చేసి పంపించా.”

“మీ అమ్మ మోసపోలేదులే.”

“అంటే?”

“పట్టాలిచ్చే రోజు మాకు టిక్కెట్లు దొరకలేదన్నావుగా. అది వింటుందా? నన్ను లాక్కొచ్చింది. గేటు బయట నిలబడ్డాం. మైకులో పేర్లు చదువుతుంటే, ‘జయాస్ కదా, ఆఖర్న వస్తుందిలే’ అంటూ ఉంది. ఆఖరి పేరూ అయిపోయింది.”

“అయ్యో నాన్నా... మరి నన్నెందుకు అడగలేదు?”

“అడగొద్దంది. ‘ఎప్పుడో అదే చెప్తుంది’ అంది. నువ్వు ఫోటో తెచ్చిననాడు గోడకి మేకు కొట్టింది కూడా మీ అమ్మేగా.”

“యారెలిస్ జయాస్! లోపలికి రండి!”

“నాన్నా, లోపల ఏం చెప్పను?”

“ఆ ముసలాయన సంగతే చెప్పు. లే తల్లీ. ఈ పిలుపు కోసమే ఆ రోజు మీ అమ్మ అంత ఎండలో నిలబడింది.”