అరిగిన డిస్కు నేనే తీసుకున్నాను

నా పేరు, ఇంటి చిరునామా ముందు పేజీలో రాయించాను. షెడ్డులో అందరూ నన్ను బోధకుడు అంటారు. వయసు యాభై రెండు. వెల్డింగు, గ్రైండింగు నా వృత్తి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆదివారాలు మా ఇంటి వెనక రేకుల గదిలో ప్రార్థన కూటం నడుపుతాను, వాక్యం చెబుతాను. నన్ను బోధకుడిగా ఎవరూ నియమించలేదు. బడికి వెళ్ళలేదు. గ్రంథం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు కూడా అది నా సంచిలో ఉంది.

ఈ మాటలు చెప్పి తీరాలని లేదని, చెబితే నా మీదికే రావచ్చని మేజిస్ట్రేట్ గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని అరగంట బయట కూర్చోబెట్టారు. నా ఆలోచన పన్నెండు రోజుల క్రితమే అయిపోయింది. నోరు రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

మా షెడ్డులో స్టోరు చూసే ఆవిడ తొమ్మిది రోజులుగా జైల్లో ఉంది. అరిగిపోయిన గ్రైండింగ్ డిస్కు ఇచ్చి నా తమ్ముడి చావుకు కారణమైందని ఆవిడ మీద కేసు. ఆవిడ ఇవ్వలేదు. అది చెప్పడానికే వచ్చాను.

మేం పాల కర్మాగారాలకు స్టీలు ట్యాంకులు చేస్తాం. లోపల వెల్డింగు గీత ఎక్కడా ఎత్తుగా ఉండకూడదు. ఉంటే పాలు అక్కడ పట్టుకుని పులుస్తాయి. ఆ మంగళవారం ఒక ట్యాంకు పని చివరికి వచ్చింది. అడుగున, పాలు బయటికి పోయే గొట్టం అతికిన చోట, గోడకీ ఒక అడ్డపలకకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది. ఆ సందులో జానెడు గీత నున్నగా చేయడం మిగిలింది.

ఇరుకు చోటికి మిషను ఎంచుకోవాలంటే నేను ముందు అట్టముక్క కత్తిరిస్తాను. మిషను తల ఎంత వెడల్పో అట్ట అంత. దాన్ని సందులో పెట్టి చూస్తాను. అట్ట దూరితే చాలదు. పట్టుకున్న చెయ్యి దూరాలి. మిషను ఎగిరి తంతే తప్పుకోవడానికి మనిషికి చోటుండాలి. ఇది షెడ్డులో అందరికీ నేర్పింది నేనే. ఆ రోజు కూడా అట్ట కత్తిరించాను. నాలుగంగుళాల గ్రైండరు తల పట్టలేదు. సన్న బెల్టు మిషను సరిగ్గా పడుతుంది. దాని బెల్టు వేలంత వెడల్పు, నాలుకలా లోపలికి పోతుంది. కానీ అది వేరే చోట బిగింపు పనికి వెళ్ళింది, మధ్యాహ్నం రెండుకు గానీ రాదు. మిగిలింది గాలితో నడిచే పెన్సిల్ గ్రైండరు. దానికి పళ్ళున్న చిన్న ఉక్కు మొన బిగించి చెక్కితే పని జరుగుతుంది, మూడు నాలుగు గంటలు పడుతుంది.

మేస్త్రీ వచ్చి చూశాడు. "బెల్టు మిషను వచ్చేదాకా ఆగు బోధకుడూ. ట్యాంకుకేమైనా కాళ్ళున్నాయా, పారిపోవడానికి?" అన్నాడు.

ఆగమన్నది మేస్త్రీ. తొందర నాది. ఆ సాయంత్రం పక్క ఊళ్ళో కూటానికి నన్ను పిలిచారు. రెండొందల మంది వస్తారని, మైకు పెట్టిస్తామని చెప్పారు. మైకులో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఒంటిగంట బస్సు అందుకోవాలి. షెడ్డు యజమాని తొందరపెట్టాడని మావాళ్ళు ఎవరైనా అంటే అది నిజం కాదు. మైకు కోసం తొందరపడ్డాను.

అరిగిన డిస్కుల సంగతి చెప్పాలి. నాలుగంగుళాల డిస్కు వాడగా వాడగా చిన్నదైపోతుంది. పనివాళ్ళు దాన్ని పారేయరు. ఇరుకు చోట్లకు పనికొస్తుందని జేబులో వేసుకుంటారు. నేనూ వేసుకున్నవాడినే. స్టోరావిడ వచ్చాక ఈ అలవాటు మాన్పించింది. అరిగిన ప్రతి డిస్కునూ వెనక్కి తీసుకుని, మన కళ్ళ ముందే సుత్తితో పగలగొట్టి డ్రమ్ములో వేసేది.

అంతకు ముందు ఆదివారం నేను ఆ డిస్కుల మీదే బోధించాను. లోకం నిన్ను అరగదీసింది, ఇక సుత్తి దెబ్బకు తప్ప దేనికీ పనికిరావంది, కానీ పెద్ద డిస్కు దూరలేని సందు ఒకటి దేవుడి దగ్గరుంది, నిన్ను దానికోసం దాచాడు అని గొంతు చించుకుని చెప్పాను. ముసలివాళ్ళు ఏడ్చారు. స్టోరావిడ మా కూటానికి వస్తుంది, ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది. నేను మనుషుల గురించి చెప్పాను. రెండు రోజులు తిరక్కుండా అదే మాటను డిస్కుకు వాడాను.

ఉదయం తొమ్మిదీ ఇరవైకి స్టోరుకు వెళ్ళాను. బల్ల మీద అరిగిన డిస్కులు రెండు ఉన్నాయి. మూడంగుళాల కన్నా కొంచెం తక్కువకు అరిగాయి. ఆవిడ చేతిలో సుత్తి ఉంది.

"అవి పగలగొట్టకమ్మా. ఒకటి ఇటివ్వు," అన్నాను.

"దేనికి అన్నయ్యా?"

"పెన్సిల్ గ్రైండరుకు. దానికి సరిపడే ఇరుసు నా దగ్గరుంది, నేనే చేసుకున్నాను."

ఆవిడ డిస్కును కిటికీ వెలుగుకు తిప్పి, మధ్యలో మిగిలిన కాగితం మీద అంకె చదివింది. "నిమిషానికి పదమూడు వేల మూడొందల చుట్లు దాటకూడదని ఉంది దీని మీద. మీ మిషను పాతిక వేలు తిరుగుతుంది. ఇవ్వను."

"మొన్న ఆదివారం ఏం విన్నావు మరి? కళ్ళు కూడా తుడుచుకున్నావు."

"కూటం కూటమే, స్టోరు స్టోరే. ఇవ్వనంటే ఇవ్వను, ఏమీ అనుకోకండి."

అప్పుడు నేను, "అంకె మీద ఉన్నంత నమ్మకం నీకు దేవుడి మీద లేదన్నమాట," అన్నాను. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురూ నవ్వారు. ఆవిడ తల దించుకుని, వాళ్ళకు చేతితొడుగులు తీయడానికి అలమర వైపు తిరిగింది. నేను బల్ల మీది డిస్కు తీసుకున్నాను. ఆవిడ చూసింది. "అన్నయ్యా, అక్కడ పెట్టేయండి," అంది. నేను పెట్టలేదు. ఆవిడ ఇవ్వలేదు, నేను తీసుకున్నాను. ఆ నలుగురూ మా కూటం వాళ్ళే. వాళ్ళు నోరు విప్పకపోవడానికి కారణం నేనే. నేను మాట్లాడకుండా వాళ్ళెలా మాట్లాడతారు?

ఇక్కడ నేను వాక్యం ఎత్తబోతే మేజిస్ట్రేట్ గారు, వాక్యం వద్దు, జరిగింది చెప్పమన్నారు. చెబుతున్నాను.

సందులో పని చేసింది నా తమ్ముడు. వయసు నలభై ఒకటి. షెడ్డులో వాడిని ఈనెపుల్ల అనేవారు. ఆ సందుకు చెయ్యి అందాలంటే అడ్డపలక వెనక్కి దూరాలి, అక్కడ నా భుజాలు పట్టవు, వాడివి పడతాయి. మా అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. పని నేర్పింది నేను. నా కూటానికి మాత్రం ఒక్కరోజూ రాలేదు. గోడ అవతల కూర్చుని విన్నాను, అక్కడికే వినబడుతోంది కదా అనేవాడు.

ట్యాంకు స్టీలు మీద గీత పడకుండా చెప్పులు బయట వదిలి లోపలికి దిగుతాం. వాడు చెప్పులు వదులుతూ, "చెప్పులు వదిలితే చాలా అన్నా, పాపాలు కూడా వదలాలా?" అన్నాడు.

"చెప్పులు చాల్లే. పాపాలకు అక్కడ చోటెక్కడిది," అన్నాను.

డిస్కు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పాడు. "ఇది దీనికి పెట్టొచ్చా?"

"నేను చూశాను. పెట్టు."

నేను చూడలేదు. ఆవిడ చదివి వినిపించినా నేను ఆ అంకె వైపు చూడలేదు. వాడు నన్ను రెండోసారి అడగలేదు. ముప్ఫై రెండేళ్లలో నన్ను ఏదీ రెండోసారి అడగలేదు.

తొమ్మిదీ యాభైకి లోపలికి దిగాడు. ముఖానికి పెట్టుకునే డాలు అడ్డపలకకు కొట్టుకుంటోందని తీసి బయటికి ఇచ్చాడు. ఒట్టి కళ్ళద్దాలే ఉన్నాయి. నేను బయట కాపలా. బయటి మనిషి సుత్తితో గోడ మీద రెండు దెబ్బలు కొడతాడు, లోపలి మనిషి రెండు దెబ్బలు తిరిగి కొడతాడు. బాగానే ఉన్నానని అర్థం. రెండుసార్లు కొట్టాను, రెండుసార్లు జవాబు వచ్చింది. పదీ రెండుకు లోపల టప్పున ఒక చప్పుడైంది. మిషను ఆగలేదు. గాలి గొట్టం పాములా కొట్టుకుంటోంది. గాలి కట్టేసి, గోడ మీద రెండు దెబ్బలు కొట్టాను. జవాబు లేదు. మళ్ళీ రెండు కొట్టాను. అప్పుడు లోపలి నుంచి ఒక దెబ్బ వినిపించింది. ఒక్కటే. ఒక దెబ్బకు మా పనిలో అర్థం లేదు. ఒక్కటే కొట్టాడు.

డిస్కు ముక్కలైంది. ఒక ముక్క పక్కటెముకల కింద దిగింది. నేను లోపలికి వెళ్ళలేకపోయాను. మేస్త్రీ నన్ను పక్కకు లాగి, ఇంకో సన్నపాటి మనిషిని దింపి, నడుముకు తాడు కట్టి బయటికి తీయించాడు. పదీ ఇరవై అయిదుకు బండి వచ్చింది. వాడి చెప్పులు నేను సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వేసుకున్నానో తెలియదు.

బుధవారం పదకొండు గంటలకు మేజిస్ట్రేట్ గారు వచ్చి వాడి వాంగ్మూలం తీసుకున్నారు. వీరు కాదు, వేరొకరు. మమ్మల్ని బయట ఉంచారు. అయ్యాక నన్ను లోపలికి రానిచ్చారు.

"అన్నా, డిస్కు స్టోరక్క ఇచ్చిందని చెప్పాను. నువ్వు మాట్లాడకు," అన్నాడు.

"ఎందుకురా? ఆమె వద్దనే అంది."

"అనే ఉంటుంది. ఆమెను ఏం చేస్తారు? నాలుగు చీవాట్లు పెట్టి పంపేస్తారు. నిన్నయితే లోపలేస్తారు. నాకేమన్నా అయితే మా ఇంట్లోవాళ్ళకు ఎవరున్నారు, నువ్వు తప్ప?"

నేను ఏడ్చాను. వాడు కసురుకున్నాడు. "ఇన్నేళ్లు నీ బోధ నేను విన్నాను. ఒక్కసారి నా మాట నువ్వు విను."

విన్నాను.

గురువారం సాయంత్రం నాలుగూ పదికి పోయాడు. శుక్రవారం మట్టి చేశాం. నేనే మాట్లాడాను. నా తమ్ముడు మందిరం ఎరగడు గానీ అబద్ధం ఎరగడు అని, అందరి ముందు, ఆ గుంట దగ్గర నిలబడి చెప్పాను. శనివారం స్టోరావిడను తీసుకెళ్ళారు. ఆ డిస్కు ఇచ్చినట్టు పుస్తకంలో రాయలేదు కాబట్టి దొంగచాటుగా ఇచ్చిందన్నారు. ఇవ్వలేదు కాబట్టే రాయలేదు.

నిన్న ఆదివారం కూటంలో మా మరదలు, అంటే నా తమ్ముడి భార్య, లేచి నిలబడింది. "బావగారూ, ఆయన్ను చంపిన చెయ్యి పడిపోవాలని ప్రార్థన చేయండి," అంది. అందరూ తలలు వంచారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. చేశాను కూడా. ఆ చెయ్యి పడిపోవాలని, ఎండిపోవాలని పెద్ద గొంతుతో అడిగాను. ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిస్తే నా కుడిచెయ్యి గాలిలో ఉంది.

జనం వెళ్ళాక మరదలి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను.

"పోతూ పోతూ అబద్ధం చెప్పాడని ఊరంతా అనుకోవాలా?" అంది.

"ఆవిడ జైల్లో ఉందమ్మా."

"నాకు తెలుసు ఎక్కడుందో. ఆయన మిమ్మల్ని కాపాడి పోయాడు. ఆ ఒక్కటీ చేసి పోయాడు. దాన్ని కూడా తుడిచేస్తారా?"

ఎప్పుడూ ఏదో ఒక వాక్యం నోటికి వచ్చేది, రాలేదు.

"వెళ్తే వెళ్ళండి. మళ్ళీ మా గడప తొక్కొద్దు," అని తలుపు వేసుకుంది. ఈ ఉదయం బయల్దేరేటప్పుడు వాడి చెప్పులు ఆ గడప బయట పెట్టి వచ్చాను.

మేజిస్ట్రేట్ గారు ఒక ప్రశ్న అడిగారు. ఆ రోజు నీ తమ్ముడికి నొప్పి మందు ఇచ్చి ఉంటారు, మగతలో ఒకటి అనబోయి ఒకటి అన్నాడేమో, పొరపాటు పడ్డాడేమో అని అడిగారు. వారు దయతోనే అడిగారని నాకు తెలుసు. అవునంటే నా తమ్ముడి పేరు నిలబడుతుంది. మా మరదలు తలుపు తీస్తుంది. కానీ అవునంటే స్టోరావిడ మీద అనుమానం అనుమానంగానే ఉండిపోతుంది. మగతలో చెప్పింది పొరపాటూ కావచ్చు, నిజమూ కావచ్చు అంటారు.

వాడు మగతలో లేడు. నాతో మాట్లాడాక దిండు సర్దమన్నాడు, ఫ్యాను తగ్గించమన్నాడు, పొద్దున్నుంచి నేనేమైనా తిన్నానా అని అడిగాడు. పూర్తి తెలివితో, తెలిసి తెలిసి, నా కోసం చెప్పాడు. గుమస్తా గారు పొరపాటు అని రాసిన చోట కొట్టేయించి, అబద్ధం అని రాయించాను.

పైనున్నదంతా నాకు చదివి వినిపించారు, నేను కూడా చదువుకున్నాను. ఎవరి బలవంతమూ లేదు. స్టోరావిడ గురించి చెప్పింది నిజం, నా గురించి చెప్పింది నిజం. నా తమ్ముడి గురించి చెప్పింది కూడా నిజం.

సంతకం
(షెడ్డులో బోధకుడు అని పిలవబడే వెల్డరు)
సోమవారం, మధ్యాహ్నం పన్నెండూ నలభై