గోడకు జాజు

నాచారంలో కొత్తగా ఇల్లు కట్టుకున్న డ్రాయింగు మాస్టారు పొద్దున్నే గేటు తీశాడు. కాంపౌండు గోడకు బయటివైపు ఒక ముసలామె సున్నం పూసి, దాని మీద ఎర్రమట్టి జాజుతో పట్టెలు వేస్తోంది. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

“ఏయ్, ఆపు! మొన్ననే రంగు వేయించాను. ఎవర్నడిగి పాడుచేస్తున్నావు?”

“పాడేం జేస్తలేను సారూ. మంచిగనే ఏస్తున్న.”

“ముప్పయ్యేళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. బొమ్మంటే ఏమిటో నాకు చెప్పకు. ఇది ఒట్టి పిచ్చిగీత!”

“బొమ్మలు నాకెందుకు? ఇయ్యాల పెత్తరమాస, సచ్చిపోయిన పెద్దల్ని తల్సుకునే దినం. మా ఆయన గోరికి ఏటా సున్నమేసి జాజు పెడ్త.”

“సమాధికి పెట్టుకో, పో! నా గోడేం చేసింది?”

“గోరి నీ గోడ లోపట వడ్డది. జాగ అమ్మెటప్పుడు మా మరిది నన్ను అడగలే. గోడ కట్టెటప్పుడు నువ్వు అడగలే. నా చెయ్యి అందిన కాడ నేను ఏస్తున్న.”

“అబద్ధాలాడకు! లోపల సమాధీ లేదు, గిమాధీ లేదు. అంతా సిమెంటు నేల.”

“గా సిమెంటు కిందనే ఉన్నది.”

“ఏదీ, ఎక్కడో చూపించు!”

ఆమె తల తిప్పలేదు. కుంచె మళ్లీ జాజులో ముంచింది.

“దినాం పొద్దుగాల నిలవడి స్కూటర్ కడుగుతవు సూడు, గాడ్నే.”