పున్నయ్య కాల్చిన పేపరు

ఏందమ్మాయ్, పేపరు అట్టా ఉండచుట్టి పడేస్తావు? మీకు నిన్నటి పేపరంటే పకోడీల పొట్లమే. మా పున్నయ్య చూస్తే నాలుగు పెట్టేవోడు. పున్నయ్యెవరా? మాచర్ల మిషను బంగళాలో వంటోడు. అమెరికా దొరగారికి పద్నాలుగేళ్ళు వండాడు. నేనప్పుడు మిషను బళ్ళో కొత్తగా చేరిన మేష్టర్ని. అబ్బో, పున్నయ్య పెట్టే చేపల పులుసు... సరే, పులుసు సంగతి తర్వాత. సాగరు డాము కడతన్న రోజులు. దొరగారి ఊరి పేపర్లు ఓడలో మద్రాసు దాకా, అక్కణ్ణించి రైల్లో మాచర్లకి, రెండు నెలలు ఆలస్యంగా ఒకే కట్టగా వచ్చేయి. ఆయనేం చేసేవోడో తెలుసా? తేదీ ప్రకారం రోజుకొక్కటే చదివేవోడు, పొద్దున కాఫీతో. ముందుది ముట్టుకోడు. "రేపటిది రేపే, పున్నయ్యా" అనేవోడు. పున్నయ్య మటుకు కట్ట విప్పంగానే అన్నీ తిరగేసేవోడు. ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. ఆటల పేజీకి అంకెలు చాలుగా!

ఏ ఆటా? బేస్‌బాల్. మన బిళ్ళంగోడు లాంటిదేలే, బిళ్ళ బదులు బంతి. మిగతాది నాకూ సగమే తెలుసు. జీతాలిచ్చి ఆడిస్తారంట, చూడు! దొరగారి తమ్ముడు వాళ్ళ ఊరి జట్టులో అట్టా జీతానికి ఆడేవోడు. ఆ ఏడు దొరసాని జరమొచ్చి పోయింది. దొరగారు పళ్ళెం ముందు కూర్చునేవోడు, ముట్టకుండా లేచేవోడు. తమ్ముడి జట్టు గెలిచిందని చదివిన రోజు మాత్రం రెండో చపాతీ అడిగేవోడు. అందుకే పున్నయ్యకి ఆ అంకెల మీద అంత ఆత్రం.

ఒకరోజు మధ్యాన్నం పేపరు చొక్కాలో దోపుకుని బడికొచ్చాడు. "మేష్టారూ, ఏంది ఇయ్యన్నీ సున్నాలే! ఎవురూ ఆడలేదా?" చూశా. నిజమే. రెండు వరసలు, తొమ్మిదేసి అంకెలు, అన్నీ సున్నాలు. ఒక వరస చివర్లో ఒకే ఒక్క ఒకటి. రెండు గంటలు ఆడి ఒక్కటంటే ఒక్కటేనా అని నేనూ నవ్వా. కింద చదివితే నవ్వు పోయింది. ఆ ఒక్కటీ దొరగారి తమ్ముడు చేతికొచ్చిన బంతి జారవిడిస్తే అవతలి జట్టుకొచ్చిందంట. తప్పు చేసినోడి పేరు విడిగా అచ్చేస్తారమ్మాయ్, అదో పద్ధతి వాళ్ళకి. పైగా అతను దుమ్ములో పడున్న బొమ్మ కూడా వేశారు. "ఇది చదివితే ఆ మడిసి ఇంక ముద్ద ముట్టడు" అన్నాడు పున్నయ్య. దాచకు, తప్పు అన్నా నేను. అన్నాననే అనుకుంటా. గట్టిగా అనలేదులే. మర్నాడు పొద్దున పాలు ఆ పేపరు మంట మీదే కాగినయ్యి.

నాలుగు రోజులకి దొరగారు ఆ తేదీ దగ్గరికొచ్చాడు. హాజరు పుస్తకం పట్టుకుని నేనూ అక్కడే ఉన్నా, నా కర్మ. "పున్నయ్యా, నేటి పత్రిక ఎక్కడ ఉన్నది?" దొరల తెలుగు అట్టాగే ఉండేది, బైబిల్లో మాదిరి. "చెదలు తిన్నయ్యండి" అన్నాడు వీడు. దొరగారు కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "నా తమ్ముడు విమానపు తపాలాలో ఎప్పుడో వ్రాసినాడు. బంతి జారినదని నాకు తెలియును. ఈ పత్రికలో వాని బొమ్మ ఉన్నదని కూడా వ్రాసినాడు. పదకొండు సంవత్సరములు అయినది, వానిని చూచి" అన్నాడు. పున్నయ్య ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "నేనే కాల్చానయ్యా, నేనే!" నాకూ భాగముందని నోరు పెగిల్తేగా! ఇప్పటికీ సిగ్గే నాకు. దొరగారు తిట్టలా. లేవదీసి, "నీవు చూచితివి కదా. వాడు ఎట్లు ఉన్నాడు?" అన్నాడు. పున్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "మీ పోలికేనండి. అదే ముక్కు, అదే నుదురు. పడ్డాడు గానీ కళ్ళు బంతి మీదే ఉన్నయ్యండి." ఇంకా చెప్పమన్నాడు దొరగారు. చెప్పాడు. చెంపలు, గడ్డం, అన్నీ చెప్పాడు. ఆయన కాఫీ చల్లారిపోయేదాకా విన్నాడు.

ఆ బొమ్మ నేనూ చూశా గదమ్మాయ్. బోర్లా పడ్డాడు. వీపు తప్ప ఏం కనపళ్ళా... ఎండ ఇటు తిరిగింది, ఆ కుర్చీ కాస్త లోపలికి లాగు.