గఫూర్ సాబ్ కోసిన పైపు

హలో… ఆ, నేనే. దేవక్కను, ఆదోని నుంచి. నిన్న గీజరు సూసిపోయినావే, ఆ ఇల్లు.

యాడుండావు సాబ్?… ఎమ్మిగనూర్లోనా? ఆ… అనుకున్నా. ఆ గీజర్లమ్మే అంగట్లోనే ఉండావు కదా?… పక్కన టీ తాగుతాండావా. సరేలే. లోపలైనా ఒకటే, పక్కనైనా ఒకటే.

ఒక మాట అడుగుతా, నిజం సెప్పు. మా గ్యాస్ పైపు కోసింది నువ్వేనా?

…

ఉండు, ముందు నా మాట విను.

పొద్దున మా కొడుకు మారుతి నీళ్ళు కాగబెట్టుకుందామని పోతే గీజరు అంటుకోలే. సూస్తే పైపు రెండు ముక్కలు. ఎలుక కొరికిందేమో అన్నాడు వాడు. ఎలుక కొరికింటే కొరుకులు కొరుకులుగా ఉంటాది కదా? ఇది కత్తి పెట్టి కోసినట్టు నున్నగా ఉండాది. సిలిండర్ మీద రెగ్యులేటర్ కూడా ల్యా. ఎలుక రెగ్యులేటర్ ఎత్తకపోతాదా సాబ్?

…

నువ్వేనా!

సిగ్గు లేకుండా ఒప్పుకుంటాండావే! నీకియ్యాల్సిన రెండునూర్లు తెద్దామని నేను లోపలికి పోతే, ఆ రవ్వంత సేపట్లో ఈ పని సేసినావా? టీ కూడా ఇస్తిని కదప్పా నీకు!

అర్థమైందిలే… నాకేం అర్థం కాదనుకోవద్దు. పాతది పనికి రాకుండా సేస్తే కొత్తది కొనక యాడికి పోతారు… అంతే కదా?

కాదా? మరేంది?

ఎదురింటి సరస్వతి వాళ్ళది ఇట్లే మంట పసుపుపచ్చగా వస్తాంటే ఆరునూర్లతో బాగైంది. నువ్వేమో దీన్ని ముట్టుకునేదే లేదంటివి. పీకేయాల, కరెంటుది పెట్టాల, దానికి వేరే వైరు లాగాల, ఎర్తింగు అంట, గోడకు బొక్క కొట్టాల అంట… అన్నీ కలిపి పదైదు వేలు. మా మారుతి జిన్నింగు మిల్లులో నెలంతా దూది పీలిస్తే వచ్చేది పద్నాలుగు!

ఆ అంగడోడు నీకు కమీషను ఎంత ఇస్తాడు?… ఏమీ ఇయ్యడా? అల్లా మీద ఒట్టా?… వద్దు, వద్దులే. ఒట్లు పెట్టేవాళ్ళను శానామందిని సూసినా.

ఏంది?… ఆ, సెప్పినావులే నిన్న. మంట సరిగ్గా మండకపోతే ఏందో గాలి వస్తాది, అది మనిషిని పండబెడతాది అని. ఆ గాలి కంటికి కనపడాల కదా?… కనపడదు. వాసనన్నా వస్తాదా?… అదీ రాదు. బాగుంది! కనపడనిదానికి, వాసన రానిదానికి పదైదు వేలు!

…

మా కోడలా? దాన్నెందుకు అడుగుతాండావు?… ఉంది, ఇంట్లోనే ఉంది. నిన్న కూడా నేనటు పోతానే దాన్ని ఏందో అడుగుతాంటివి. విన్నాలే. "తలనొప్పి వస్తాదా పాపా" అని. దాని తలనొప్పి నీకేటికి?

ఎవరు సెప్పినారు నీకు?… అదే సెప్పిందా? సంతోషినా? మొగుని ముందర నోరు తెరవదు, గీజరు మెకానిక్కు సెప్పుకుంటాదా!

పడిపోయింది, అవును. రెండుసార్లు. అయితే?

సాబ్… నువ్వు పెద్దమనిషివి, నీకు సెప్తే తప్పు లేదు. ఆ పిల్లకు మూర్ఛ ఉండాది. దాచిపెట్టి మాకు అంటగట్టినారు.

…

నాకెట్ల తెలుసంటే… పెండ్లై ఆర్నెల్లు కాలే. నీళ్ళు పోసుకుంటానని పోతాది, అరగంటైనా బయటికి రాదు. తలుపు కొడితే పలకదు. లోపల ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతాందేమో అనుకున్నా ఫస్టు. దాని ఫోన్ తీసుకుని నా దిండు కింద పెట్టుకున్నా. అయినా అంతే. ఒకరోజు గట్టిగా తోస్తే గడియ ఊడింది, సూస్తే బండల మీద పడిండాది. ఇంకోసారి మారుతి కాలితో తన్ని తలుపు తీసినాడు. బయటికి తెచ్చి పండబెడితే రవ్వంత సేపటికి కండ్లు తెరుస్తాది, కక్కుకుంటాది, "ఏమైందత్తా" అని నన్నే అడుగుతాది!

డాక్టరు దగ్గరికి పోకుండా ఉంటామా? రక్తం తక్కువుంది, ఇంకేం లేదన్నాడు. ఏమీ లేకుండా మనిషి పడిపోతాదా? నాకు తెలిసి మూర్ఛే.

అందుకే వాళ్ళ నాయనను పిలిపించినా. గోవిందన్న… మీ ఎమ్మిగనూరే, మగ్గం నేస్తాడు. ఈపొద్దే వస్తాండాడు కూతుర్ని తీసుకపోను. బాగు సేయించి తెస్తే తెస్తాడు, లేకుంటే ల్యా. మోసం సేసినోళ్ళు మోసుకోనీ.

…

అరుస్తావేం సాబ్?… నిదానంగా అడుగు, సెప్తా.

ఏ రోజా?… గుర్తుంటాదా అదంతా?… ఉండు. మొదటిసారి శుక్రవారం. దీపం పెట్టాల, తలకు పోసుకో అని నేనే అంటిని. రెండోసారి… ఆదివారం. మారుతికి సెలవు. ఆపొద్దూ తలకే పోసుకునింది. దాని జుట్టు నువ్వు సూసినావు కదా, నడుము దాటి ఉంటాది. అది కడగల్లంటే అరగంట గీజరు మండాల్సిందే.

…

వట్టి ఒంటికి పోసుకున్న రోజా?… లేదు. ఆ రోజుల్లో పడలే.

…

పొయ్యి కాడా?… పడలే. సేన్లో కూడా పడలే. ఆలూరు తావ మా సేను, పత్తి ఏరను పోతే పొద్దంతా ఎండలో ఉంటాది. ఏమీ కాలే. బస్సులో కూడా కాలే.

…

నాకా? నాకేం కాదు సాబ్. నేను రెండు సెంబులు పోసుకుని వచ్చేస్తా. గడియ ఎయ్యను కూడా, లోపల ఇరుక్కుంటానేమో అని భయం నాకు. మారుతి బకెట్లో పట్టుకుని బయట తొట్టి కాడ పోసుకుంటాడు.

…

కిటికీనా? అది… మూసింది నేనే. పక్కింటోళ్ళు మిద్దె మీద రూము కట్టినారు. ఆడ నిలబడితే మా బాత్రూము కిటికీ ఎదురుగా ఉంటాది. వాళ్ళింట్లో వయసు పిల్లోళ్ళుండారు, మా ఇంట్లో కొత్త కోడలు. ఎవర్ని నమ్మేది? అందుకే కిటికీకి సెక్క పలక కొట్టించి సందుల్లో గుడ్డలు కుక్కినా.

ఎప్పుడంటే… దీపావళి అయినాక.

పిల్ల మొదటిసారి పడింది ఎప్పుడా?

…

ఆ మరుసటి వారం సాబ్.

…

ఉండు. ఉండు, మాట్లాడొద్దు. నన్ను బెదిరిస్తాండావు కదా? బేరం కోసం ఇట్ల సెప్తాండావు. పిల్లను అడ్డం పెట్టుకుని…

ఏంది? కౌతాళంలోనా?… ఎవరు?… పోయిన సలికాలం. ఊ… ఎంత వయసు?… ఇరవై రెండు. అయ్యో. తలుపు పగలగొట్టేసరికే పానం పోయిందా?… గీజరు లోపలే ఉన్నిందా, మా మాదిరే?… కిటికీ?… ఊ.

లోపల ఎవరు బిగించినారు సాబ్ దాన్ని?

…

సాబ్?

…

నువ్వేనా.

…

సెప్పొద్దులే. ఇంక సెప్పొద్దు. ఏడుస్తాండావా?… నలుగురూ సూస్తాంటారప్పా, పక్కకు పో.

వాళ్ళే లోపల పెట్టమన్నారా… నీకు తెలిసి కూడా కాదనలే. ఊ… అందుకే నిన్న మాది కోసినావు.

నాకు సెప్పుంటే నేనే తీసేస్తాంటిని కదా?… ఆ. సెప్పినావు. నేనే ఇనలే. నిన్ను వాకిలి దాటించేదాకా నా నోరు నిలిచిందా.

…

సరే సాబ్, అడగాల్సింది అడుగుతా. పదైదు వేలల్లో ఏమన్నా తగ్గుతాదా?… తగ్గదా? ఒక నూరు కూడా? మంచిదిలే. తగ్గిస్తానంటే మళ్ళీ ఇందులో ఏందో ఉండాదనుకునేదాన్ని.

గీజరు మేము యాడ కొన్నా సరేనా?… ఆదోనిలో కొనుక్కోమంటావా? నీకు కూలి మాత్రమే ఇస్తే సాలునా?… ఊ. మరి అంగడోడు నీకేమీ ఇయ్యడనేది నిజమే మాదిరుంది.

దుడ్లు ఒక్కసారే అంటే కాదు. పత్తి అమ్మినాక సూస్తాం. అంతవరకు కట్టెల పొయ్యి మీద కాగబెట్టుకుంటాం, వాకిట్లోనే. ఆ పలక నేనిప్పుడే పీకేస్తా. రెగ్యులేటర్ నీ దగ్గరే ఉంచు, ఇయ్యొద్దు. మారుతి వచ్చి అడిగినా ఇయ్యొద్దు.

…

ఉండు సాబ్. ఆటో ఆగింది.

ఆయనే. గోవిందన్న. ఆటో వాన్ని పోనియ్యకుండా నిలబెట్టినాడు, కూతుర్ని ఎక్కించుకుని అట్లే పోదామని. పిల్ల బట్టలు సంచిలో సర్దుకుని పొద్దున్నుంచి అరుగు మీద కూర్చోనుండాది. అన్నం తినలే. ఏడ్సను కూడా ఏడ్సలే.

ఏం సెప్పేది నేను ఆయనకు?… నువ్వు సులభంగా అంటాండావు. మొన్న ఫోన్లో ఆయన్ను ఎన్నెన్ని మాటలన్నానో నీకు తెలీదు. రోగం దాచి పిల్లనమ్ముకున్నావంటిని. నీ మగ్గం అమ్మైనా సరే మా పెండ్లి ఖర్చు ఇయ్యమంటిని. ఆయన ఒక్క మాట ఎదురు సెప్పలే. "అట్లనే లేమ్మా, వస్తా" అన్నాడు, అంతే.

పెట్టేయొద్దు. పెట్టేయొద్దు సాబ్, రవ్వంత ఉండు, దండం పెడతా.

— రా గోవిందన్నా. రా లోపలికి… ఎందుకు ఆడనే నిలబడినావు?… లేదన్నా. ఆటో పంపించేయ్. పిల్ల రాదు… అది కాదన్నా, అట్ల సూడొద్దు నన్ను… పిల్లకు ఏ రోగమూ ల్యా. అదే… అదే సెప్పాలనుకుంటే నా నోట్లోంచి రావడం ల్యా.

ఇదో, ఈ ఫోన్ పట్టుకో. గఫూర్ సాబ్ అని, గీజరు మెకానిక్కు. ఆయనకు అంతా తెలుసు… తీసుకో అన్నా. నన్ను తిట్టేది తర్వాత తిడుదువు, ముందు ఆయన సెప్పేది విను.

నేను పిల్ల కాడికి పోతా.